పొలానికో రాతి కొట్టం ఎందుకు కట్టారు? స్వేల్‌డేల్ నడకలో వచ్చిన సందేహం

నాపరాయి | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది బేతంచెర్ల పక్కన పల్లె. ఇప్పుడు ఇంగ్లండ్‌లో డార్లింగ్టన్‌లో ఉంటున్నాం. మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ యార్క్‌షైర్ డేల్స్ అనే కొండలోయల ప్రాంతానికి వెళ్లి, అక్కడి స్వేల్‌డేల్ లోయలో స్వేల్ నది వెంట గన్నర్‌సైడ్ నుంచి మ్యూకర్ దాకా నడిచాం.

దారి పొడుగునా ఒకటే తీరు. రాతి గోడల మధ్య పచ్చని గడ్డి చేను, అందులో ఒక రాతి కొట్టం. పక్క చేలో ఇంకొకటి, దాని పైచేలో మరొకటి. ఒకచోట నిలబడి లెక్కపెడితే పదమూడు కనిపించాయి. వాటి పక్కన ఇల్లు లేదు, చాలావాటికి బండి బాట కూడా లేదు. మన ఊళ్లలో గొడ్ల కొట్టం ఇంటికి ఆనుకునే ఉంటుంది. రాత్రిపూట గంట చప్పుడు వినపడితే లేచి చూసేంత దూరంలో ఉంటుంది. ఇక్కడ ఊరికి అంత దూరంగా, పొలానికొకటి చొప్పున, అదీ ఇంత గట్టి రాతితో ఎందుకు కట్టుకున్నారు?

ఇంకో సంగతి. ఆ గోడల్లోంచి కొన్ని రాళ్లు వరసగా జానెడు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. మా పాప "నాన్నా, ఎక్కడానికి మెట్లా?" అని అడిగింది. చెప్పలేకపోయాను. రాతి ఊళ్లో పుట్టి ఒక రాతి గోడ గురించి చెప్పలేకపోవడం మనసులో ఉండిపోయింది. తెలిసినవాళ్లు చెప్పండి.

---

డేల్స్_అక్క | శనివారం, రాత్రి 10:05

మీరు నడిచింది ఆ లోయ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. యార్క్‌కి వచ్చి ఇరవై ఆరేళ్లయింది. ఇప్పటికీ ఏటా జూన్‌లో, గడ్డి కోయకముందు అక్కడికి వెళ్తాను.

ఎండుగడ్డి బరువు, పేడ బరువు. ఈ రెండూ మోయాల్సిన దూరం తగ్గించుకోవడానికే ఆ కొట్టాలు. అక్కడ చలికాలంలో మేత మొలవదు. నవంబరులో లోపల కట్టేసిన ఆవులు మళ్లీ మే నెలలోనే చేలోకి వెళ్లేవి. ఆ ఆరు నెలల మేతంతా ఎండాకాలంలోనే కోసి ఎండబెట్టుకోవాలి. వాన ఎప్పుడు దిగుతుందో చెప్పలేని దేశం కాబట్టి, ఎండిన గడ్డిని ఆ పూటకాపూట కప్పు కిందికి చేర్చాలి. పైగా ఒక్కో రైతు చేలు ఒకే చోట ఉండేవి కావు, లోయంతా ముక్కలు ముక్కలుగా ఉండేవి. ఆ గడ్డినంతా ఊళ్లోకి మోసి, చలికాలం పోయాక పేడనంతా తిరిగి చేలకు మోయడం కంటే, ఆవులనే గడ్డి దగ్గరికి తోలుకెళ్లడం తేలిక కదా. చేలో కోసిన గడ్డి ఆ చేలోని కొట్టంలోకే వెళ్లేది. ఆవులు అక్కడే తిని అక్కడే పేడ వేసేవి. పేడను గోడకున్న చిన్న కంతలోంచి బయటికి నెట్టి దిబ్బ వేసి, తర్వాత అదే చేలో చల్లేవారు.

ఇక తిరగాల్సింది మనిషి ఒక్కడే. మంచు పడుతున్నా సరే, రోజుకి రెండుసార్లు ఒక్కో కొట్టానికీ వెళ్లాలి. మేత వేయాలి, పేడ తియ్యాలి, ఆవులను వాగుకి తోలి నీళ్లు పట్టాలి, పాలు పితకాలి. పాలు తెచ్చుకునే రేకు డబ్బాను వీపుకి తగిలించుకునేవారు. వీపుకి ఆనే పక్క ఆ డబ్బా లోపలికి వంపు తిరిగి ఉంటుంది. ఒక మ్యూజియంలో చూశాను. తోలు పట్టీలు వేలాడుతుంటే, అది మోసిన మనిషి ఒడ్డూపొడుగూ కళ్లముందు కదిలింది.

లోపల సగం ఆవులకు, సగం గడ్డికి. ఆవుల పైన అటక, అక్కడా గడ్డే. బయట నుంచి గడ్డిని పంగల కర్రతో ఎత్తి లోపలికి తోయడానికి గోడ పైభాగంలో చదరపు కంత ఉంటుంది, ఫొటోలు మళ్లీ చూడండి. ఇప్పుడు నిలిచి ఉన్నవాటిలో ఎక్కువ భాగం 18, 19 శతాబ్దాలవి. 'కౌ హౌస్' అనే మాట స్థానికుల నోట కలిసిపోయి 'కవుస్' అయింది. స్వేల్‌డేల్, ఆర్కెన్‌గార్త్‌డేల్ లోయల్లోని ఈ కొట్టాలనూ గోడలనూ కలిపి 1989లో పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు.

---

గానుగసున్నం | ఆదివారం, ఉదయం 7:40

హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. పాత కట్టడాల మరమ్మతు నా పని. రెండేళ్లు ఇంగ్లండ్‌లో ఉండి రాతిపని నేర్చుకున్నాను. పాప ప్రశ్నకు జవాబు నేను చెప్తాను.

ఆ గోడ నిజానికి రెండు గోడలు. బయటి వరస ఒకటి, లోపలి వరస ఒకటి, మధ్యలో చిన్నరాళ్ల గులక. మొత్తం మందం రెండడుగులకు అటూఇటూ. అలా వదిలేస్తే కొన్నాళ్లకు రెండు వరసలూ విడిపోయి పొట్ట ఉబ్బుతుంది. అందుకని కొంత ఎత్తుకొకసారి, ఆ పక్కనుంచి ఈ పక్కదాకా పట్టే పొడుగు రాయిని అడ్డంగా వేస్తారు. రెండు వరసలనూ పట్టి ఉంచేది అదే. చివర్లు గోడకి సమంగా తెగ్గొట్టాలంటే కూలి దండగ, పైగా రాయి చిట్లే ప్రమాదం. అందుకే అలాగే వదిలేశారు. మీ పాపకి చెప్పండి: అవి మెట్లు కావు, గోడకి వేసిన కుట్లు.

మూలల దగ్గర, తలుపు చుట్టూ రాళ్లు వేరుగా, పెద్దవిగా, చెక్కి ఉంటాయి. డేల్స్‌లో చాలాచోట్ల దొరికే సున్నపురాయి చెప్పిన మాట వినదు, కొడితే ఇష్టమొచ్చినట్టు పగులుతుంది. కాబట్టి మూలరాళ్లకీ తలుపు పైన వేసే అడ్డరాయికీ ఇసుకరాయి తెచ్చుకునేవారు. పైకప్పు కూడా పొరలుగా చీలే ఇసుకరాతి పలకలే. చూరు దగ్గర పెద్ద పలకలు, పైకి పోయేకొద్దీ చిన్నవి. బరువైనవి గోడ మీదికి దగ్గరగా ఉండాలి, వాననీళ్లన్నీ చేరే చోట అతుకులు తక్కువ ఉండాలి. మీ బేతంచెర్ల వైపు నాపరాళ్ల మిద్దెలు ఎరిగినవాళ్లకి ఈ లెక్క వెంటనే అందుతుంది. తేడా ఏమిటంటే మీవి చదును కప్పులు, వీళ్లవి ఏటవాలు.

---

కెండల్_డాక్టర్ | ఆదివారం, ఉదయం 11:20

మా లేక్ డిస్ట్రిక్ట్‌లో ఇదే అవసరానికి ఇంకో దారి పట్టారు. కొండవాలుని గోడలాగా వాడుకున్నారు. వాలుకి ఆనించి రెండంతస్తులు కడతారు. కొండ వైపు నుంచి వస్తే బండి నేరుగా పై అంతస్తులోకి వెళ్లిపోతుంది, అక్కడ గడ్డీ ధాన్యమూ. చుట్టూ తిరిగి కిందికి వస్తే ఆవుల కొట్టం, గుర్రాల కొట్టం. మేత కిందికి పడేయడమే, పైకి ఎత్తే పని లేదు. వీటిని బ్యాంక్ బార్న్ అంటారు. బార్న్ అంటే గడ్డీ ధాన్యమూ దాచుకునే కొట్టం.

ట్రౌట్‌బెక్‌లో టౌనెండ్ అనే పాత రైతు ఇల్లు ఉంది, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చూసుకుంటుంది. దాని ఎదురుగా ఉన్న బార్న్ మీద 1666 అని ఉంది. మొదటిసారి చూసినప్పుడు దాన్ని ఒకే అంతస్తు అనుకున్నాను. రోడ్డు దిగి కిందివైపు వెళ్లాక గానీ అది ఎంత పెద్దదో తెలియలేదు.

---

పల్నాటి_పిల్లోడు | ఆదివారం, మధ్యాహ్నం 2:02

నాదొక సందేహం. ఇలాంటి బార్న్‌ల గోడల్లో నిలువుగా సన్నని చీలికలు చూశాను. అవి బాణాలు వెయ్యడానికా? కొండవీడు కోట బురుజుల్లో ఉన్నట్టే అనిపించాయి.

---

రాతిబడి | ఆదివారం, సాయంత్రం 6:30

నేను న్యూకాసిల్‌లో ఆర్కిటెక్చర్ చదువుతున్నాను, ఈ ఏడాది నా ప్రాజెక్టు ఇదే. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఆ చీలికలు గాలి కోసం. బయట నాలుగు వేళ్లు పట్టేంతే ఉంటాయి, లోపలికి వచ్చేసరికి విచ్చుకుంటాయి. వాన జల్లు లోపలికి కొట్టదు, గాలీ కొంచెం వెలుతురూ మాత్రం వస్తాయి. గాలి ఆడకపోతే పచ్చి ఆరని గడ్డి లోలోపల వేడెక్కి తనంతట తానే అంటుకుంటుంది. మన గడ్డివాముల్లోనూ ఈ భయం ఉన్నదే.

అయితే పల్నాటి_పిల్లోడు గారి ఊహ పూర్తిగా తప్పనలేం. మా నార్తంబర్లాండ్ సరిహద్దుల్లో దాడుల భయంతో కట్టిన రైతు ఇళ్లు నిజంగా ఉన్నాయి. వాటిని బాస్టిల్ అంటారు. 16వ శతాబ్దం రెండో సగంలో, 17వ శతాబ్దం మొదట్లో కట్టినవి. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దుకి అటూఇటూ ఉన్న కుటుంబాలు రాత్రిపూట వచ్చి పశువులను తోలుకుపోయేవి. అందుకని కింద పశువులు, పైన మనుషులు. గోడలు మీటరుకి పైనే మందం. కింది తలుపుకి లోపల నుంచి అడ్డగడి. టార్సెట్ లోయలో బ్లాక్ మిడెన్స్ అనేది చూశాను. ఇప్పుడు బయట రాతి మెట్లున్నాయి గానీ అవి తర్వాత కట్టినవి. మొదట్లో నిచ్చెన వేసుకుని ఎక్కి, దాన్ని పైకి లాగేసుకునేవారు. 1603లో రెండు రాజ్యాలకూ ఒకే రాజు వచ్చాక దాడులు క్రమంగా అణిగాయి, ఇలాంటి ఇళ్ల అవసరమూ తీరిపోయింది.

ధాన్యం కొట్టే బార్న్ చూస్తే నాకు మా అమ్మమ్మ వాళ్ల కళ్లం గుర్తొస్తుంది. ఎదురెదురుగా రెండు పెద్ద తలుపులు, మధ్యలో గట్టి నేల. కోతలప్పుడు కట్టలు కట్టలుగానే తెచ్చి రెండు పక్కలా నింపేసి, చలికాలమంతా రోజుకి కొంచెం చొప్పున ఆ నేల మీద కర్రలతో కొట్టేవారు. తర్వాత రెండు తలుపులూ తెరిస్తే ఈ వైపు నుంచి ఆ వైపుకి గాలి పారుతుంది, ఆ గాలికి తూర్పారబట్టేవారు. గింజలు బయటికి చిందకుండా, కోళ్లూ పందులూ లోపలికి రాకుండా తలుపు అడుగున చెక్క పలకలు అడ్డం పెట్టేవారు.

---

రైతుబిడ్డ | ఆదివారం, రాత్రి 8:15

రాతిబడి గారి మాట చదివాక ఒక విషయం తట్టింది. మనకి నూర్పిళ్ల కాలంలో ఎండలుంటాయి, కాబట్టి కళ్లానికి ఆకాశమే కప్పు. వాళ్లకి ఆ రోజులు దొరకవు. అందుకే కళ్లం చుట్టూ గోడలు లేపి పైన కప్పు వేసుకున్నారు. చేసే పని ఒకటే, మధ్యలో వాన అంత తేడా తెచ్చింది.

మరి నూర్పిడి మిషన్లు వచ్చాక ఈ బార్న్‌లు ఏమయ్యాయి?

---

రాతిబడి | ఆదివారం, రాత్రి 8:50

మొదట పక్కనే ఇంకో గది పుట్టింది. నూర్పిడి యంత్రాన్ని స్కాట్లండ్‌లో ఆండ్రూ మైకిల్ 1786 ప్రాంతంలో చేశాడు. దాన్ని తిప్పడానికి గుర్రాలు గుండ్రంగా తిరగాలి, అచ్చం మన గానుగ ఎద్దులాగా. వానలో గుర్రాలు తడవకుండా బార్న్‌కి ఆనించి గుండ్రటి షెడ్డు కట్టారు. మా వైపు దాన్ని 'జిన్ గ్యాంగ్' అంటారు. పాత ఫార్మ్ హౌస్ వెనక గుండ్రంగానో అష్టకోణంగానో రాతి గది కనిపిస్తే అదే. అదే యంత్రం చలికాలపు కూలి పని లాగేసుకుంది. 1830లో దక్షిణ ఇంగ్లండ్‌లో కూలీలు ఊరూరా తిరిగి ఆ మిషన్లను పగలగొట్టారు.

---

కొత్తదారి | సోమవారం, ఉదయం 8:10

అందరూ చిన్న కొట్టాల గురించే రాస్తున్నారు. ఆక్స్‌ఫర్డ్ దగ్గర గ్రేట్ కాక్స్‌వెల్‌లో ఉన్న టైత్ బార్న్ చూడనివాళ్లు తప్పక చూడాలి. 13వ శతాబ్దం చివర్లో, 1292 ప్రాంతంలో కట్టింది. పొడవు 152 అడుగులు, ఎత్తు 48 అడుగులు. లోపల ఓక్ స్తంభాలు నేల మీద ఉండవు, నిలువెత్తు రాతి దిమ్మెల మీద నిలబడి ఉంటాయి, చెమ్మ తగలకుండా. అక్కడికి దగ్గర్లోనే కెల్మ్‌స్కాట్‌లో ఉండే కవి, కళాకారుడు విలియమ్ మోరిస్ దాన్ని కెథడ్రల్‌తో పోల్చాడు. లోపల అడుగు పెట్టినప్పుడు మా ఆవిడ తనకు తెలియకుండానే గొంతు తగ్గించి మాట్లాడింది.

అటువైపు పైకప్పు పలకల సంగతి కూడా విచిత్రం. స్టోన్స్‌ఫీల్డ్‌లో భూమిలోంచి తీసిన రాయిని తడి ఆరిపోకుండా మట్టి కప్పి ఉంచేవారు. గడ్డకట్టే చలి రాత్రి వస్తే ఊళ్లో గంట కొట్టి జనాన్ని లేపేవారట. అందరూ వెళ్లి కప్పు తీసేస్తే, రాళ్లలోని నీరు గడ్డకట్టి రాయి పొరలుగా చీలేది. అంత పనీ చలి చేసిపెట్టేది.

---

డేల్స్_అక్క | సోమవారం, ఉదయం 9:35

కొత్తదారి గారూ, ఒక్క చిన్న సవరణ. టైత్ అంటే చర్చికి చెల్లించే పంటలో పదోవంతు. గ్రేట్ కాక్స్‌వెల్‌లో దాచింది అది కాదు. ఆ భూములు హాంప్‌షైర్‌లోని బ్యూలీ మఠానివి, అక్కడ దాచింది మఠం సొంత పంట. బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్‌లో ఉన్న పెద్ద బార్న్ సంగతీ అంతే. 14వ శతాబ్దం మొదట్లో షాఫ్ట్స్‌బరీ సన్యాసినుల మఠం వాళ్లు కట్టించారు, కప్పు మీద సుమారు 100 టన్నుల రాతి పలకలున్నాయి. అలవాటుగా అన్నిటినీ టైత్ బార్న్ అనేస్తారు. మఠాలు 1530లలో పోయాయి, పదోవంతు ధాన్యం బదులు డబ్బు కట్టే చట్టం 1836లో వచ్చింది. బార్న్‌లు మాత్రం రైతుల చేతుల్లో ఉండి పని చేస్తూనే వచ్చాయి.

---

హెబ్డెన్_ఇల్లాలు | సోమవారం, మధ్యాహ్నం 1:25

మేము మూడేళ్లు అద్దెకున్న ఇల్లు ఇలాంటిదే. ఇక్కడ పెన్నైన్స్ కొండల్లో 'లేత్ హౌస్' అంటారు. ఇల్లూ బార్న్ ఒకే కప్పు కింద, పక్కపక్కన. బండి వెళ్లేంత ఎత్తు కమాను ఇంకా ఉంది, దాన్ని అద్దంతో మూసి హాలు చేశారు. మేడ మీద కిటికీలు వరసగా ఉంటాయి, అక్కడ మగ్గం పెట్టి ఉన్ని నేసేవారు. రెండు మూడు ఆవులు, ఒక మగ్గం, దాంతోనే బతుకు. చీరాల నేతగాళ్ల ఇంట్లో పెరిగినదాన్ని, ఆ కిటికీల దగ్గర కూర్చుంటే నాకు వేరే ఊళ్లో ఉన్నట్టే ఉండేది కాదు.

బాధ ఏమిటంటే, మేము రాకముందు ఎవరో మేస్త్రీ రాళ్ల సందులన్నీ సిమెంటుతో నింపేశాడు. చూడ్డానికి శుభ్రంగా ఉంది. రెండో చలికాలానికి లోపలి గోడ మీద నల్లటి బూజు. మా బాబుకి దగ్గు తగ్గేది కాదు, ఆ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు. ఒకరోజు బయట గోడని ఊరికే చేత్తో తాకితే రాతి ముఖం పూతరేకులా పొర ఊడి చేతిలోకి వచ్చింది. చుట్టూ సిమెంటు గీతలు మాత్రం చెక్కు చెదరలేదు. ఎందుకలా?

---

గానుగసున్నం | సోమవారం, రాత్రి 7:55

మీరు చెప్పిన గోడ నాకు కళ్లకు కట్టినట్టుంది. నేను అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం అదే.

రాతి గోడ వానకి తడుస్తుంది. తడవడం తప్పు కాదు, ఆరడానికి దారి ఉండాలి. సున్నం మెత్తన, దానికి సన్నని రంధ్రాలుంటాయి. గోడలోకి వెళ్లిన నీరు ఆ సందుల్లోంచే బయటికి ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. అప్పుడు నీళ్లు రాతిలోంచే బయటపడాలి. చలికి అక్కడే గడ్డకట్టి రాతి ముఖాన్ని పొరలుగా ఊడగొడతాయి. సున్నమైతే అరిగేది సందు, వందేళ్లకొకసారి మళ్లీ నింపుకోవచ్చు. సిమెంటు వేస్తే అరిగేది రాయి, దాన్ని మళ్లీ తెచ్చి పెట్టలేం. మన దగ్గర గానుగ పట్టిన సున్నంతో కట్టిన కోటలకీ గుళ్లకీ సిమెంటు పూసినప్పుడూ ఇదే జరుగుతోంది, రోజూ చూస్తున్నాను.

డేల్స్‌లో కొండ పక్కన రాతితో కట్టిన గుండ్రటి బట్టీలు చూసే ఉంటారు. సున్నం అక్కడే కాల్చుకునేవారు, పొలానికీ గోడకీ.

---

రైతుబిడ్డ | సోమవారం, రాత్రి 9:10

ఒక మాట అడుగుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. గడ్డి ఇప్పుడు ప్లాస్టిక్ చుట్టిన ఉండలుగా వస్తోంది, ఆవులు పెద్ద రేకుల షెడ్లలో ఉంటున్నాయి. ఈ కొట్టాల్లో ట్రాక్టరు కూడా పట్టదు. మరి ఇళ్లుగా మార్చుకోనిస్తే ఏం? ఆ ఊళ్ల పిల్లలకి ఉండటానికి ఇల్లు దొరకడం లేదని వింటున్నాం. కూలిపోవడం కంటే ఎవరో ఒకరు దీపం పెట్టుకోవడం నయం కాదా?

---

డేల్స్_అక్క | సోమవారం, రాత్రి 10:00

న్యాయమైన ప్రశ్నే. నేనూ చాలాకాలం అటూఇటూ ఊగాను. ఇల్లు కావాలంటే కిటికీలు తెరవాలి, పొగగొట్టం పెట్టాలి, కరెంటు, నీళ్లు, మురుగు గొయ్యి, కారుకి బాట, చుట్టూ కంచె. అవన్నీ అయ్యాక నాలుగు గోడలు మిగులుతాయి గానీ, చేను మధ్యలో ఒంటరిగా నిలబడ్డ కొట్టం పోతుంది. రాత్రి ఆ లోయ చీకటిగా ఉండటం కూడా దాని అందమే.

ఇంగ్లండ్‌లో 2014 నుంచి వ్యవసాయ కట్టడాలను పూర్తి ప్లానింగ్ దరఖాస్తు లేకుండా ఇళ్లుగా మార్చే వీలుంది. కానీ ఈ డేల్స్ లాంటి నేషనల్ పార్కుల్లో అది చెల్లదు, అక్కడ ప్రతిదానికీ దరఖాస్తు పెట్టాల్సిందే. ఊళ్లో ఉన్నవీ రోడ్డు పక్కన ఉన్నవీ ఇళ్లుగా మారితే నాకు అభ్యంతరం లేదు, పైగా సంతోషం. చేల మధ్యలోవి మాత్రం కొట్టాలుగానే ఉండనివ్వాలి. గొర్రెలు ఈనేటప్పుడు కొందరు రైతులు ఇంకా వాడుతున్నారు. గబ్బిలాలూ బార్న్ గుడ్లగూబలూ ఉంటున్నాయి, రెండింటికీ 1981 నాటి వన్యప్రాణుల చట్టం రక్షణ ఉంది.

---

గానుగసున్నం | సోమవారం, రాత్రి 10:40

అక్కయ్య మాటకి ఒక్కటి కలుపుతాను. ఇవి ఒక్కరోజులో కూలవు. మొదట ఒక పలక జారుతుంది. ఆ సందులోంచి వాన పడి కింది వాసం నానుతుంది. వాసం కుంగితే ఇంకో పది పలకలు జారతాయి. తర్వాత దూలం చివర గోడలో కుళ్లుతుంది, కప్పు బరువు గోడని బయటికి తోస్తుంది. గోడ తల మీద నీళ్లు దిగి మధ్య గులక కొట్టుకుపోతుంది. అప్పుడిక లక్షల ఖర్చు. మొదటి పలకని నిచ్చెన వేసి పెడితే ఒక పూట పని. విలియమ్ మోరిస్ వాళ్లు 1877లో పెట్టిన పాత కట్టడాల రక్షణ సంఘం మొదటి నుంచీ చెప్పేది ఇదే: కొత్తగా చేయొద్దు, రోజువారీగా చూసుకోండి.

---

నాపరాయి | ఆదివారం, సాయంత్రం 7:20

వారం గడిచింది. ఈ రోజు మళ్లీ వెళ్లొచ్చాం. మీరు చెప్పినవన్నీ పట్టుకుని చూశాం.

కాలిబాటకి ఆనుకునే ఉన్న ఒక కొట్టం తలుపు తెరిచి ఉంది. అక్కడే గొర్రెలు చూసుకుంటున్న రైతుని అడిగితే, చూడమన్నాడు. తల వంచి వెళ్లాల్సి వచ్చింది. లోపల చల్లగా, పాత గడ్డి వాసన. నాలుగు ఆవులకి స్థలం, జంటకీ జంటకీ మధ్య నిలబెట్టిన రాతి పలక, అచ్చం మా ఊరి నాపరాయి అంత. తల వైపు కొయ్య గుంజ, దానికి పైకీ కిందికీ జారే ఇనుప కడియం. ఆవు పడుకున్నా లేచినా మెడ గొలుసు దానితో పాటే జారుతుందట. ఆ కడియం తిరిగిన చోట కొయ్య అరిగి, మా నాయనమ్మ రోకలి మధ్యభాగంలా నున్నగా మెరుస్తోంది. చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉన్నాను. మా ఇంట్లో ఎద్దులని ముందు వసారాలో కట్టేసేవాళ్లు, ఆ గుంజ మీదా ఇదే నునుపు ఉండేది.

పాప కుట్లు లెక్కపెట్టింది. ముందు గోడకి మూడు వరసలు. వెనక్కి తిరిగి వెళ్లి, లోపల వైపు కూడా అవే రాళ్లు కనిపిస్తున్నాయని తనే చూపించింది.

కప్పు మీద ఉత్తరం వైపు ఒక పలక జారి చూరు మీద ఆగి ఉంది. గానుగసున్నం గారి మాట గుర్తొచ్చి రైతుకి చూపించాను. చూశానన్నాడు. గడ్డి కోతలు కాగానే నిచ్చెన తెస్తాడట, పైన పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉంటే మంచిదన్నాడు. నేను వస్తానని చెప్పి ఫోన్ నంబర్ ఇచ్చి వచ్చాను.